దీపావళి రెండు రోజులెందుకైంది: చంద్రకళల వెనుక లెక్క

2024 అక్టోబరు చివరి వారంలో తెలుగు ఇళ్లలో ఒకే ప్రశ్న తిరిగింది. దీపావళి 31నా, 1నా? గోడ మీది క్యాలెండరు ఒకటి చెప్పింది, ఫోనులో వచ్చిన పంచాంగం పేజీ ఇంకొకటి చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు 31న సెలవిచ్చాయి. మహారాష్ట్ర లక్ష్మీపూజకు 1వ తేదీని ఎంచుకుంది. ముంబయి స్టాక్ ఎక్స్ఛేంజీల్లో ముహూరత్ ట్రేడింగు, అంటే దీపావళికి శుభం కోసం జరిపే గంటసేపు షేర్ల వ్యాపారం కూడా 1వ తేదీ సాయంత్రమే, 6 నుంచి 7 గంటల వరకు జరిగింది. దృక్ గణితం, అంటే చంద్రుడి నిజ స్థానాన్ని ఆధునిక పద్ధతిలో తేల్చే లెక్క ప్రకారం అమావాస్య ఆ సాయంత్రం 6 గంటల 16 నిమిషాలకే ముగిసింది. అంటే ఆ శుభ ఘడియలో తొలి 16 నిమిషాలు అమావాస్య, మిగతా 44 నిమిషాలు పాడ్యమి. షేర్లు కొనే హడావిడిలో ఆ తేడా ఎవరికి పడుతుంది లెండి.

ఇందులో ఎవరూ లెక్క తప్పలేదు. చంద్రుడి గురించి మాట్లాడేటప్పుడు మనం మూడు వేరువేరు సంగతులను ఒకే పేరుతో పిలుస్తాం. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం ఎంత అన్నది ఒకటి. ఆ ఎడాన్ని బట్టి మన కంటికి చేరే వెలుగు రెండోది. ఆ ఎడాన్ని మన ఊరి సూర్యోదయానికో సూర్యాస్తమయానికో ముడిపెట్టి తేదీగా మార్చుకోవడం మూడోది. మొదటి రెండూ ఆకాశం పనులు, మూడోది మనుషుల పని. గొడవలు చాలావరకు ఆ మూడోదాని దగ్గరే పుడతాయి.

భూమి నీడకు ఇందులో పని లేదు

చంద్రుడు ఎందుకు తరుగుతాడని అడిగితే చదువుకున్నవారిలోనూ చాలామంది భూమి నీడ పడుతుంది కదా అంటారు. ఆ మాట గ్రహణానికి సరిపోతుంది, కళలకు సరిపోదు. దాన్ని తేల్చడానికి దుర్భిణి అక్కర్లేదు, శుద్ధ సప్తమి నాటి ఒక మధ్యాహ్నం చాలు. నాలుగు గంటల వేళ పడమర నుంచి ఎండ కాస్తుండగానే, నడినెత్తికి కాస్త తూర్పుగా, దాదాపు సగమైన తెల్లటి చంద్రుడు కనిపిస్తాడు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున పడుతుంది. సూర్యుడు పడమటి ఆకాశంలో ఉన్నాడంటే ఆ నీడ తూర్పు దిగంతానికి దిగువన ఎక్కడో ఉంది. నడినెత్తిన ఉన్న చంద్రుడి దాకా అది ఎలా వస్తుంది?

అదే మేడ మీద, అదే ఎండలో, ఒక నిమ్మకాయను చేయి చాచి చంద్రుడి పక్కన కనిపించేలా పట్టుకుంటే జవాబు ఎదురుగా కనిపిస్తుంది. కాయ మీద వెలుగూ చీకటీ కలిసే గీత ఎక్కడ ఉందో, చంద్రుడి మీదా అక్కడే ఉంటుంది. రెండూ గుండ్రటివి. రెండింటి మీదా పడేది ఒకే సూర్యుడి ఎండ, రెండింటినీ మనం చూసేది ఒకే దిక్కు నుంచి. కాయలో చీకటిగా ఉన్న సగం దాని సొంత నీడలో ఉంది. చంద్రుడి సంగతీ అంతే. నేను దీన్ని తొలిసారి చూసింది నలభై దాటాక. బడి పుస్తకంలోని ఎనిమిది చంద్రుల బొమ్మ అంతవరకూ నాకు బాగా అర్థమైందనే అనుకుంటూ వచ్చాను.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడి గ్రంథం ఆర్యభటీయంలో, గోళపాదం అనే భాగంలో ఈ మాట సూటిగా ఉంది. గోళాల్లో ఒక సగం తన నీడ వల్లనే చీకటిగా ఉంటుంది, సూర్యుడికి ఎదురైన సగం వెలుగుతుంది అని. చంద్రగ్రహణానికి భూమి నీడ కారణమని అదే గోళపాదం విడిగా చెప్పింది. పదిహేను వందల ఏళ్ల కిందట విడదీసి పెట్టిన రెండింటిని మనం ఇప్పటికీ కలిపేస్తున్నాం.

మరి ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు రాదు? చంద్రుడి దారి, సూర్యుడి చుట్టూ భూమి తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. వినడానికి చిన్న వాలే. కానీ 3,84,400 కిలోమీటర్ల దూరాన అది 30 వేల కిలోమీటర్లకు పైబడిన తేడా అవుతుంది. అక్కడ భూమి చిక్కటి నీడ వెడల్పు 9 వేల కిలోమీటర్ల చిల్లరే. అందుకని చాలా పున్నములకు చంద్రుడు ఆ నీడకు పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. 2025 సెప్టెంబరు 7న, భాద్రపద పున్నమి రాత్రి, దాటలేకపోయాడు. 11 గంటల ప్రాంతం నుంచి 82 నిమిషాల పాటు పూర్తిగా నీడలో మునిగి రాగి రంగుకు తిరిగాడు.

తిథి అంటే పన్నెండు డిగ్రీలు

భూమి నుంచి చూసినప్పుడు సూర్యచంద్రులు ఆకాశంలో ఒకే రేఖాంశం మీదికి వచ్చిన క్షణంతో అమావాస్య ముగుస్తుంది. అక్కడి నుంచి చంద్రుడు సూర్యుణ్ణి వెనక వదిలి తూర్పుకు జరుగుతూ పోతాడు. ఇద్దరి మధ్య ఎడం 12 డిగ్రీలు అయ్యేదాకా శుద్ధ పాడ్యమి, 24 దాకా విదియ, 36 దాకా తదియ. 180 డిగ్రీల దగ్గర పున్నమి పూర్తవుతుంది. చుట్టు మొత్తం 360 డిగ్రీలు, కనుక 30 తిథులు. తిథికి ఇంతకు మించి నిర్వచనం లేదు. ఇందులో రోజు అన్న మాట ఎక్కడా రాలేదని గమనిస్తే సగం చిక్కు విడిపోయినట్టే.

బింబంలో ఎంత భాగం వెలుగుతుందో కూడా ఈ ఎడమే నిర్ణయిస్తుంది. పాడ్యమి ముగిసేసరికి నూటికి ఒక వంతు, విదియ ముగిసేసరికి నాలుగు, చవితి ముగిసేసరికి పదహారున్నర. సరిగ్గా సగం బింబం 90 డిగ్రీల దగ్గర వస్తుంది. అష్టమి 84 నుంచి 96 డిగ్రీల దాకా ఉంటుంది గనుక అరచంద్రుడి స్థానం అష్టమి నడిమధ్యన. ఏకాదశి ముగింపుకు ఎనభై మూడున్నర, చతుర్దశి ముగింపుకు తొంభై తొమ్మిది. అంటే మొదటి నాలుగు తిథుల్లో పదహారున్నర వంతులే పెరిగిన వెలుగు, నడిమి ఏడు తిథుల్లో అరవై ఏడు వంతులు పెరిగి, చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది. చతుర్దశి చంద్రుణ్ణి చూసి ఈ రోజే పున్నమి అనుకోవడం మన చూపులో లోపం కాదన్నమాట.

బింబం సగం ఉంటే వెన్నెల కూడా సగం ఉంటుందనుకోవడం సహజం. నిజానికి అష్టమి వెన్నెల పున్నమి వెన్నెలలో సుమారు పదో వంతు. అరచంద్రుడి మీద ఎండ పక్కవాటుగా పడుతుంది, అక్కడి గుట్టలూ గోతులూ పొడవాటి నీడలు పరుస్తాయి. పున్నమి నాడు ఎండ మన వీపు వైపు నుంచి వెళ్లి పడినట్టు ఉంటుంది. ప్రతి రాయి నీడా ఆ రాయి వెనకే దాగిపోతుంది.

చంద్రుడు ఏ వేళకు ఎక్కడ ఉంటాడన్నదీ ఈ ఎడంలోనే ఉంది. పున్నమి చంద్రుడు పొద్దుగూకే వేళ ఉదయిస్తాడు. శుద్ధ అష్టమి చంద్రుడు మిట్టమధ్యాహ్నం లేచి అర్ధరాత్రి వాలతాడు, బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికి గానీ లేవడు. సగటున రోజుకు 50 నిమిషాల ఆలస్యం. సినిమాల్లో అర్ధరాత్రి నడినెత్తిన నెలవంక వేలాడుతుంటుంది. మన ఆకాశంలో అది జరగదు, నెలవంక ఎప్పుడూ సూర్యుడికి దగ్గర్లోనే ఉంటుంది. వినాయక చవితి నాడు పొరపాటున చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని బెరుకు ఉన్నవారికి ఇందులో ఒక ఊరట ఉంది. చవితి చంద్రుడు సూర్యుడికి 48 డిగ్రీలకు మించి దూరం పోడు, రాత్రి తొమ్మిది ప్రాంతానికల్లా అస్తమించేస్తాడు.

ఇరవై ఏడా, ఇరవై తొమ్మిదిన్నరా

ఒక నక్షత్రం దగ్గర బయలుదేరిన చంద్రుడు మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి 27.3 రోజుల్లో వస్తాడు. మన ఇరవై ఏడు నక్షత్రాల లెక్క అక్కడిదే. కానీ ఈలోగా సూర్యుడు కూడా దాదాపు 27 డిగ్రీలు ముందుకు జరిగి ఉంటాడు. అతణ్ణి అందుకోవడానికి చంద్రుడికి ఇంకో రెండు రోజుల పైచిలుకు పడుతుంది. అమావాస్య నుంచి అమావాస్యకు 29.53 రోజులు కావడానికి కారణం ఇదే. తెలుగులో చంద్రుడికీ మాసానికీ ఒకటే మాట, నెల. నెలవంక, నెలపొడుపు, వెన్నెల అన్నవాటిలో ఉన్నదీ జీతం వచ్చే నెలా ఒకటే. కాకపోతే పన్నెండు చాంద్రమాన నెలలు కలిపితే 354 రోజులే అవుతాయి. సౌర సంవత్సరంతో పోలిస్తే ఏటా పదకొండు రోజులు వెనకబడే ఆ లోటును పూడ్చడానికే అధిక మాసాలు. 2023లో అధిక శ్రావణం అలా వచ్చింది.

సాగే తిథి, కుదించుకునే తిథి

29.53 రోజులను 30 తిథులకు పంచితే ఒక్కో తిథికి 23 గంటల 37 నిమిషాలు. అది సగటు మాత్రమే. చంద్రుడి కక్ష్య దీర్ఘవృత్తం, దగ్గరికి వచ్చినప్పుడు వేగంగా పరిగెడతాడు, దూరం వెళ్లినప్పుడు నింపాదిగా నడుస్తాడు. అదే 12 డిగ్రీలు ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా పూర్తవుతాయి.

2024 దీపావళి అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3 గంటల 52 నిమిషాలకు మొదలై నవంబరు 1 సాయంత్రం 6 గంటల 16 నిమిషాలకు ముగిసింది. 26 గంటల 24 నిమిషాలు. అంతకు రెండు రోజుల ముందే చంద్రుడు 4 లక్షల 6 వేల కిలోమీటర్ల దూరపు అంచును తాకి వచ్చాడు. ఐదు నెలల తర్వాత విశ్వావసు ఉగాది పాడ్యమిని చూస్తే, అది 2025 మార్చి 29 సాయంత్రం 4 గంటల 27 నిమిషాల నుంచి 30వ తేదీ మధ్యాహ్నం 12 గంటల 49 నిమిషాల వరకే ఉంది. 20 గంటల 22 నిమిషాలు. చంద్రుడు అప్పుడు 3 లక్షల 58 వేల కిలోమీటర్ల దూరంలో, దాదాపు తన కక్ష్యలో అతి దగ్గరి చోట ఉన్నాడు. రెండు తిథులకూ మధ్య ఆరు గంటల తేడా.

రోజుకు పేరు పెట్టేటప్పుడు మనం సూర్యోదయానికి ఉన్న తిథిని తీసుకుంటాం. తిథులు పొట్టిగా పరిగెడుతున్నప్పుడు ఒకటి రెండు సూర్యోదయాల మధ్య ఇరుక్కుని ఏ ఉదయాన్నీ తాకకుండానే వెళ్లిపోగలదు. ఆ ఉగాది తర్వాత అదే జరిగింది. మార్చి 31 ఉదయం 9 గంటలు దాటేదాకా విదియ ఉంది. ఆ వెంటనే మొదలైన తదియ, ఏప్రిల్ 1న పొద్దు పొడవక ముందే అయిపోయింది. పంచాంగం భాషలో అది క్షయ తిథి. ఫలితంగా ఉగాది నుంచి లెక్కపెడితే తొమ్మిదో రోజు రావలసిన శ్రీరామనవమి ఎనిమిదో రోజుకే, ఏప్రిల్ 6నే వచ్చేసింది.

ఒకే అమావాస్య, ఊరికో సాయంత్రం

దీపావళికి కావలసింది సూర్యోదయపు తిథి కాదు, ప్రదోష వేళకు ఉన్న అమావాస్య. అంటే సూర్యాస్తమయం తర్వాతి తొలి జాము. అక్టోబరు 31 సాయంత్రానికి అమావాస్య వచ్చేసింది, రాత్రంతా ఉంది. నవంబరు 1న హైదరాబాదులో సూర్యుడు ఆరు కావడానికి పావుగంట ముందు అస్తమించాడు, ఆ తర్వాత ఇంకో అరగంట అమావాస్య మిగిలి ఉంది. రెండు సాయంత్రాలనూ అది తాకింది. ఒకటి నిండుగా, రెండోది కొసతో.

పండితులు విడిపోయింది ఇక్కడే. ప్రదోషమూ రాత్రీ నిండా అమావాస్య ఉన్న రోజే దీపాలకూ లక్ష్మీపూజకూ తగినదని ఒక వర్గం. రెండు రోజులూ ప్రదోషాన్ని తాకితే తర్వాతి రోజునే తీసుకోవాలని ధర్మశాస్త్ర వచనం ఉందని ఇంకో వర్గం. చంద్రుడు ఎక్కడున్నాడన్న విషయంలో వీరికి పేచీ లేదు. అరగంట మిగులును ఉన్నట్టు లెక్కించాలా వద్దా అన్నదే పేచీ, దానికి ఆకాశం జవాబు చెప్పదు.

ఇదే అమావాస్యను డల్లాస్‌లో ఉన్న తెలుగువారి గడియారంతో చూస్తే అక్టోబరు 31 తెల్లవారి 5 గంటల 22 నిమిషాలకు మొదలై, మర్నాడు ఉదయం 7 గంటల 46 నిమిషాలకు ముగిసింది. అక్కడ అమావాస్య ఉన్న సాయంత్రం ఒకటే, 31. సిడ్నీలో అది 31 రాత్రి 9 గంటల 22 నిమిషాలకు, ప్రదోషం చాలావరకు గడిచిపోయాక మొదలై, 1వ తేదీ రాత్రి 11 గంటల 46 నిమిషాల దాకా నడిచింది. అక్కడ నిండు ప్రదోషం 1వ తేదీదే. ఈ రెండు చోట్లా చర్చకు అవకాశమే లేదు. ఇండియా క్యాలెండరును ఫోనులో తెప్పించుకుని చూసినవారికి తప్ప.

గణితం మీదే పేచీ ఉన్నచోట

పై సమయాలన్నీ దృక్ పద్ధతివి, అంటే చంద్రుడి నేటి నిజ స్థానాన్ని ఆధునిక గణితంతో తేల్చినవి. తెలుగునాట సూర్యసిద్ధాంతం వంటి పూర్వ పద్ధతిని అనుసరించే పంచాంగాలూ ఉన్నాయి. వీటి మధ్య తిథి ముగింపులో కొన్ని గంటల దాకా తేడా రావచ్చు. పాత సూత్రం ఒకటి ఈ తేడాను బాగా పట్టిస్తుంది: బాణవృద్ధి, రసక్షయం. బాణాలు ఐదు, రసాలు ఆరు. తిథి 60 ఘడియలకు మించితే ఐదే మించాలి, తగ్గితే ఆరే తగ్గాలి. అంటే 54 నుంచి 65 ఘడియల మధ్య. ఘడియకు 24 నిమిషాల చొప్పున మన రెండు తిథులనూ కొలిస్తే దీపావళి అమావాస్య 66 ఘడియలు, ఉగాది పాడ్యమి 51. రెండూ గీత దాటాయి.

సూత్రం దాటింది గనుక దృక్ లెక్క వ్రతాలకు పనికిరాదని పూర్వ పద్ధతి వారు అంటారు. వారి వాదంలో ఒక పొందిక ఉంది. ధర్మశాస్త్ర నియమాలు ఆ గణితం చలామణిలో ఉన్న కాలంలో, ఆ హద్దులను నమ్ముకుని ఏర్పడ్డాయి. గణితం మార్చి నియమాలను అలాగే ఉంచితే లోపల అతుకు విడుతుంది. దృక్ పక్షం వారు గ్రహణాన్ని చూపిస్తారు. పూర్ణిమ ముగింపు ఎప్పుడన్నది గ్రహణం నాడు కంటికే తెలిసిపోతుంది, ఆ ఒక్క రోజుకు ఆకాశాన్ని నమ్మి మిగతా రోజులకు నమ్మకపోవడం ఏమిటని వారి ప్రశ్న. గ్రహణ సమయాలకు చాలా పంచాంగాలు దృక్ గణితాన్నే ఆశ్రయిస్తాయన్నది వారి చేతిలో ఉన్న గట్టి ముక్క. చంద్రుడు ఎక్కడున్నాడన్నదే ప్రశ్న అయితే నాకు దృక్ లెక్కే సరైనదిగా తోస్తుంది. ఏ రోజు ఉపవాసం అన్న ప్రశ్న వేరు, అది ఆచారాన్ని మోసేవారు తేల్చుకోవలసింది. ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో ఏర్పడిన క్యాలెండరు సంస్కరణ సంఘం దృక్ వైపు మొగ్గింది. దాని సిఫారసుతో 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండరు వచ్చింది. ఇంటి గోడ మీదికి మాత్రం అది పెద్దగా చేరలేదు.

ఉగాది సాయంత్రం పొడిచిన రంజాన్ నెలవంక

2025 ఉగాది ఆదివారం నాడు హైదరాబాదులో ఒకే చంద్రుడు రెండు పండగలకు పనికొచ్చాడు. ఉదయం పాడ్యమి పేరు మీద పచ్చడి తిన్నారు. సాయంత్రం పడమటి ఆకాశంలో సన్నటి నెలవంక కనిపించింది, మర్నాడు సోమవారం రంజాన్ పండగ.

హిందూ పంచాంగం ఎడాన్ని లెక్కిస్తుంది, కంటికి కనిపించాలన్న షరతు పెట్టదు. ఇస్లామీ సంప్రదాయంలో నెల మొదలవడానికి నెలపొడుపును చూడాలి. అమావాస్య ముగిసింది 29వ తేదీ సాయంత్రం నాలుగున్నరకు. ఆ రోజు హైదరాబాదులో సూర్యుడు వాలేసరికి కొత్త చంద్రుడి వయసు రెండు గంటలు. పదిహేను గంటలకు లోపు వయసున్న నెలవంకను ఉత్తి కళ్లతో చూడటమే అరుదు, రెండు గంటలది అసాధ్యం. మర్నాటి సాయంత్రానికి వయసు 26 గంటలైంది. ఎడం 12 డిగ్రీలు దాటింది, పంచాంగం ప్రకారం అప్పటికే విదియ నడుస్తోంది. మన పెద్దలు చంద్రదర్శనం విదియకేనని చెప్పడంలోనూ ఉన్నది ఇదే లెక్క.

సౌదీ అరేబియా మాత్రం 30నే పండగ ప్రకటించింది. అక్కడ 29వ తేదీ సూర్యాస్తమయానికి చంద్రుడి వయసు నాలుగున్నర గంటలు. అంత పసి నెలవంక కనిపించదని ఖగోళ శాస్త్రజ్ఞులు అన్నారు, సాక్ష్యాల ఆధారంగా ప్రకటించామని అక్కడి అధికారులు అన్నారు. టర్కీ వంటి దేశాలు ముందే గణితంతో తేదీలు నిర్ణయించుకుంటాయి. చూసి నమ్మాలా, లెక్కించి నమ్మాలా అన్న ఆ చర్చ మన పంచాంగాల చర్చకు అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది. అక్కడ సంప్రదాయం కంటి పక్షాన నిలబడింది, ఇక్కడ సంప్రదాయం పాత గణితం పక్షాన.

చంద్రుడి మీద పగలు

మనకు కళగా కనిపించేది చంద్రుడి మీద ఉన్నవారికి పగలూ రాత్రీ. నెలవంక లోపలి అంచున, వెలుగూ చీకటీ కలిసే చోట, అప్పుడు తెల్లవారుతోంది. అక్కడ ఒక పగలు దాదాపు పద్నాలుగు భూమి రోజులు. చంద్రయాన్-3 దిగిన తేదీని ఈ లెక్కే నిర్ణయించింది. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దాని ల్యాండరు విక్రమ్ నేలను తాకినప్పుడు మనకు శ్రావణ శుద్ధ సప్తమి. బింబం సగానికి దగ్గరగా ఉంది, విక్రమ్ దిగిన చోట అప్పుడప్పుడే పొద్దెక్కుతోంది. సౌర పలకలకు పూర్తి పగలు దొరకాలంటే అదే సరైన వేళ. పున్నమి వెళ్లిన నాలుగు రోజులకు, సెప్టెంబరు 4న, అక్కడ పొద్దు వాలుతుండగా విక్రమ్‌ను నిద్రపుచ్చారు.

చంద్రుడి వీపు భాగాన్ని చీకటి వైపు అనడం ఈ దృష్టితో చూస్తే తప్పని తెలుస్తుంది. అది మనకు కనిపించని వైపు, అంతే. మనకు అమావాస్య అయినప్పుడు అటువైపు నిండు పగలు.

ఇటువైపు, మనకేసి ఉన్న ముఖం మీద, ఆ వేళ రాత్రి. కానీ కటిక చీకటి కాదు. అక్కడి ఆకాశంలో భూమి నిండు బింబంగా వెలుగుతూ ఉంటుంది. మనం దీపాలు పెట్టుకున్న ఆ అమావాస్య నాడు చంద్రుడికి భూమి పున్నమి. ఒకటి రెండు రోజులు గడిచి విదియ నెలవంక పొడిచినప్పుడు, వంక ఒడిలో మిగతా బింబం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. భూమి మీద పడిన ఎండ అక్కడిదాకా వెళ్లి, తిరిగి మన కంటికి చేరిన వెలుగు అది.